స్పీడ్ గన్‌ను పసిగట్టే పెట్టె

కొండాపురం స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత పెడితే, దగ్గరికొస్తున్నంతసేపూ సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది. కూత మారలేదు, మన చెవిని సెకనుకు ఎన్ని తరంగాలు చేరుతున్నాయన్నది మారింది. 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ దీనికి లెక్క కట్టారు. 1845లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ బాకాలు ఊదేవాళ్లను రైలెక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి ఆ లెక్కను రుజువు చేశారు. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ ఆకాశంలో గాలుల వేగాన్ని కొలిచేది ఈ సూత్రంతోనే. స్పీడ్ గన్ పుట్టిందీ దీనిలోనుంచే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో సైన్యం కోసం రాడార్ పరికరాలు తయారుచేసిన జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ ఆ విద్యను రోడ్డు మీదికి తెచ్చారు. 1947లో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్లాస్టన్‌బరీలో పోలీసులు దాన్ని పరీక్షించారు. గన్ పంపిన మైక్రోతరంగం కారుకు తగిలి తిరిగొస్తుంది. 24.15 గిగాహెర్ట్జ్ తరంగం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తున్న కారును తాకితే, తిరిగొచ్చేసరికి దాని పౌనఃపున్యం సుమారు 4,470 హెర్ట్జ్ పెరుగుతుంది. కోట్ల కంపనాల్లో ఆ చిన్న తేడాను పట్టుకుని గన్ వేగం చెబుతుంది.

మరి ఆ తరంగాన్ని పసిగట్టి డ్రైవర్‌ను హెచ్చరించే పెట్టె, అంటే కారులోని డిటెక్టర్, గన్ కంటే ముందే ఎలా మేల్కొంటుంది? చీకట్లో టార్చి వేసినవాడికి దూరంగా ఉన్న మనిషి కనిపించకపోవచ్చు, ఆ మనిషికి మాత్రం టార్చి వెలుగు కనిపిస్తుంది. తరంగం డిటెక్టర్‌కు ఒక్క ప్రయాణంలో అందుతుంది. గన్‌కు వెళ్లి రావాలి. దూరం రెట్టింపైతే డిటెక్టర్‌కు అందేది నాలుగో వంతుకు తగ్గుతుంది, గన్‌కు తిరిగొచ్చేది పదహారో వంతుకు పడిపోతుంది. డిటెక్టర్ బతుకంతా ఈ తేడా మీదే ఆధారపడింది.

1974లో చమురు పొదుపు కోసం అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టింది. అప్పుడే డేల్ స్మిత్ తెచ్చిన ఫజ్‌బస్టర్ అనే డిటెక్టర్‌కు గిరాకీ పెరిగింది. 1978లో వచ్చిన ఎస్కార్ట్, రేడియోల్లో వాడే సూపర్‌హెటరోడైన్ పద్ధతితో చాలా దూరం నుంచే బలహీనమైన సంకేతాన్ని పట్టింది. 1992 నాటి వాలెంటైన్ వన్, సంకేతం ముందునుంచో వెనకనుంచో బాణం గుర్తుతో చూపింది.

అమర్చడం తేలికే. ముందు అద్దానికి, వైపరూ లోహపు పూతా అడ్డురాని చోట, రోడ్డుకు సమాంతరంగా బిగించాలి. ఊళ్లో సిటీ మోడ్, హైవే మీద హైవే మోడ్ పెట్టాలి. దుకాణాల తలుపులు వాటంతటవే తెరుచుకునేలా చేసే సెన్సర్లు, పక్క కార్లలోని బ్లైండ్ స్పాట్ రాడార్లు కూడా ఇవే తరంగాలు వాడతాయి కనుక పెట్టె ఉత్తినే అరుస్తుంది. ఏ అరుపు నిజమో పోల్చుకోవడమే అసలు నేర్పు.

అయితే సూపర్‌హెటరోడైన్ పెట్టె తనలోంచి కూడా కాస్త తరంగాన్ని బయటికి వదులుతుంది. దాన్ని పట్టే పరికరం పోలీసులకూ వచ్చింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన వర్జీనియాలో డిటెక్టర్ పెట్టుకుని కారు నడపడం చట్టవిరుద్ధం. మనవైపు నుంచి వెళ్లి అక్కడ కొత్తగా కారు కొన్నవాళ్లు ఇది తెలుసుకోవాలి.

మన రాష్ట్రాల హైవేల మీద ఎక్కువగా కనిపించేది లేజర్ గన్. అది పంపే పరారుణ కాంతి 300 మీటర్ల దూరంలో కూడా మీటరు వెడల్పుకు అటూఇటూగానే ఉంటుంది. చుట్టూ చెదరదు కనుక ముందుగా పసిగట్టడానికి ఏమీ మిగలదు. డిటెక్టర్ మోగేసరికి గన్ వేగం కొలిచేసి ఉంటుంది. ఎదురొచ్చే లారీ డ్రైవర్ డిప్పర్ కొట్టి చేసే హెచ్చరిక అంతకన్నా ముందే అందుతుంది.

కానీ ఏ హెచ్చరికైనా పోలీసు ఎక్కడున్నాడో చెబుతుంది. ప్రమాదం ఎక్కడుందో చెప్పదు. తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు దారిలో మలుపు దాటగానే నాపరాళ్ల లారీ నిలిచి ఉండొచ్చు, గొర్రెల మంద అడ్డురావచ్చు. వేగం 80 నుంచి 100కు పెరిగితే, బ్రేకు పడ్డాక బండి ఈడ్చుకుపోయే దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

నిజాయితీగా నడిపేవాడికి కావలసింది గన్ నుంచి తప్పించే పెట్టె కాదు, తప్పు చెప్పని గన్. రాడార్ స్పీడ్ పరికరాలను సరిచూసి, ముద్ర వేయించాకే వాడాలంటూ కేంద్రం తెచ్చిన తూనికలు కొలతల నిబంధనలు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బజారులో తక్కెడకు ముద్ర ఉందా అని అడిగే హక్కు ఎలాంటిదో, జరిమానా రాసేముందు రాడార్ గన్‌కు ముద్ర ఉందా అని అడిగే హక్కూ అలాంటిదే. ఆ ప్రశ్న అడిగే ధైర్యం వేగం అదుపులో పెట్టుకున్నవాడికే ఉంటుంది.