ఎఱువుతొట్టిలో ముసరు చిన్న యీగలు

వానపాములచేత ఎఱువు చేయించు తొట్టిని క్రొత్తగా ఇంట నుంచుకొన్న సభ్యులనుండి, వానలు మొదలైనతోడనే, ఒకేవిధమగు ఫిర్యాదు మాకు వచ్చుచుండును. తొట్టిమూత తీయగానే చిన్న యీగలు పొగవలె లేచుచున్నవి, అరటిపండ్లపై అవియే, దీపము చుట్టును అవియే, కాఫీ గ్లాసులోను అవియే, ఇరుగుపొరుగువారు గొణుగుచున్నారు, తొట్టిని తీసివేయుదుమా యని అడుగుచున్నారు. కొందఱు అడుగకమునుపే తీసివేసిరి. మఱికొందఱు ఈగలమందు చల్లి, ఈగలతోపాటు వానపాములనుగూడ పోగొట్టుకొనిరి. ఎలుకలమీది కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట యన నిదియే. ఈ నష్టము అవసరములేనిది. ఈగలు తొట్టికి వచ్చిన రోగము కావు. తొట్టికి మనము పెట్టు మేతలోను, తేమలోను కలిగిన లోపమును తెలుపు గుర్తులు. ఆ లోపమును దిద్దినచో మందు లేకయే ఈగలు తొలగిపోవును.

మా అనుభవము

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. మేము నివసించు వీథి తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునకు దాపున నున్నది. ఆ ప్రాంతమున చెట్లు విస్తారముగా నుండుటచే ఎండుటాకునకు కొదువలేదు. పెరటిలో నీడపట్టున ఒక తొట్టి నుంచి, చివికిన పేడయు కొబ్బరిపీచును పఱచి, ఒక కిలో వానపాములను విడిచితిమి. చలికాలమంతయు తొట్టి చక్కగా నడచెను. అడవినేల వాసన తప్ప వేఱు వాసన లేకుండెను.

పిమ్మట మామిడిపండ్ల కాలము వచ్చెను. ఇంటికి చుట్టములు వచ్చిరి. దినమునకు రెండు కిలోల తొక్కలు, టెంకలు తొట్టిపైన కుమ్మరించితిమి. పైన కప్పవలసిన ఎండుటాకును మఱచితిమి. తొలకరి వాన పడిన వారమునకు తొట్టినిండ ఈగలే. విసుగుతో, దోమలకై ఇంట నుంచుకొన్న మందుడబ్బాను తెచ్చి తొట్టిలో చిమ్మితిమి. ఆ సాయంకాలము ఈగలు చచ్చిపడెను, సంతోషించితిమి. మఱునాడు వానపాములు తొట్టి గోడలమీదికి ప్రాకుచు బయటపడ జూచుచుండెను. మూడవనాటికి ముద్దలు ముద్దలుగా చచ్చి కుళ్లి, పెరటిలో నిలువలేని దుర్గంధము పుట్టెను. పదిదినములకు ఈగలు మాత్రము మరల వచ్చెను. ఏలననగా మందు ఎగురుచున్న యీగలనే చంపినది. తొక్కల లోపలి గ్రుడ్లును, పిల్లపురుగులును, గూళ్లును చెక్కుచెదరలేదు. నేలపైనను నేలలోను వసించు వానపాము చర్మముతోడనే శ్వాసించును గనుక విషము దానికే ముందుగా తగిలినది.

ముందుగా ఏ యీగయో గుర్తింపుడు

తొట్టిలో కనబడు చిన్నవన్నియు ఒకటిగా తలచుట మొదటి పొరపాటు. ముఖ్యముగా రెండు జాతులు కలవు. వాని తిండి వేఱు, పుట్టుచోటు వేఱు. కావున ఉపాయమును వేఱు.

మొదటిది పులుపుటీగ. శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా యందురు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, గోధుమవన్నె దేహము, ఎఱ్ఱని కన్నులు. మ్రగ్గి పులియుచున్న పండ్లవాసనకు ఇది వచ్చును. ఆడుయీగ తన జీవితములో నాలుగువందల వఱకు గ్రుడ్లు పెట్టగలదు. 25 డిగ్రీల వేడిమిలో గ్రుడ్డు పది దినములలో ఈగయగును. అమెరికాలో మోర్గన్ పండితుడు 1910లో తెల్లకన్నుల పులుపుటీగను పరిశీలించి, వంశపారంపర్య గుణములు క్రోమోజోములపై నుండునని చూపెను. ఆ మార్గమున చేసిన కృషికి 1933లో నోబెల్ బహుమానము పొందెను. తార్నాక ప్రక్కనున్న హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున నేటికిని ఈ యీగలనే సీసాలలో మేతపెట్టి పెంచుచు పరిశోధించుచున్నారు. అక్కడివారు ఎంతో శ్రద్ధతో సమకూర్చు మెత్తని, తడిసిన, పులిసిన మేతనే మనము తెలియక తొట్టిపైన పఱచుచున్నాము.

రెండవది నల్లనిది, సన్ననిది, పొడవు కాళ్లది. చూచుటకు చిన్న దోమవలె నుండును గాని కుట్టదు. దీనిని బూజుదోమ యని పిలుచుకొందము. ఇది బలముగా ఎగురలేదు; తొట్టిపైనను, కుండీలలోని మట్టిపైనను వంకరటింకరగా తిరుగుచుండును. పండ్లతో దీనికి పనిలేదు. తడిమట్టిలో పెరుగు బూజే దీని తిండి. దీని పిల్లపురుగు తెల్లగా, లోపలిది కనబడునట్లుండును. తల మాత్రము మెఱయు నలుపు. ఇవి పైరెండంగుళములలోనే ఎక్కువగా నుండును. గ్రుడ్డునుండి దోమయగుటకు మూడు నాలుగు వారములు పట్టును.

అనుమానము గలవారు తొట్టి పైభాగమున ఒక ఆలుగడ్డ బిళ్లను మూడు దినములుంచి, తిరగవేసి చూడవలయును. నల్లతల పురుగులు అంటుకొని యున్నచో అది బూజుదోమయే.

మామిడి యీగ వేఱు

తోటలుగల సోదరులకు ఇచ్చట ఒక హెచ్చరిక. మామిడికాయ పక్వమునకు వచ్చుచుండగా తొక్కక్రింద గ్రుడ్డుపెట్టి పండును పురుగుపట్టించు యీగ బాక్ట్రోసెరా జాతిది. అది ఇంటియీగయంత యుండును. దానికై తోటలలో వ్రేలాడదీయు మిథైల్ యూజినాల్ ఎర ఆ జాతి మగయీగలను మాత్రమే ఆకర్షించును. దానిని కొని ఎఱువుతొట్టివద్ద కట్టినచో పులుపుటీగ యొక్కటియు చిక్కదు, పైకము దండుగ.

మఱియు, తోటలో రాలిన పురుగుపండ్లను తొట్టిలో వేయరాదు. ఆ పురుగు పండు విడిచి మట్టిలో గూడుకట్టుకొని ఈగయై వెలువడును గనుక, తొట్టి దానికి పురిటిల్లగును. అట్టి పండ్లను రెండడుగుల లోతున పూడ్చవలయును. లేదా మందమగు ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి, పురుగు చచ్చువఱకు ఎండలో నుంచవలయును.

రెండింటికిని మొదటి చికిత్స

"అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" యన్న పెద్దల మాట ఇచ్చట అక్షరాల చెల్లును. ఈగలు వచ్చినపిమ్మట పడు పాట్లకంటె రాకుండ చేయుట సులభము.

మేత: చక్కగా కుదురుకొన్న తొట్టిలో కిలో వానపాములు దినమునకు అరకిలో మేత తినగలవు. క్రొత్తతొట్టికి పావుకిలో చాలును. వేసినది కనబడకుండ పోయిన తరువాతనే మరల వేయవలెను. మిగిలినది వానపాముల పాలుగాక ఈగల పాలగును. ఇంట మిగులు ఎక్కువైనచో దానిని తడిచెత్త బండికి ఇచ్చివేయుటయే మేలు. పెద్దరాశులకు వేఱు మార్గములు కలవు, తార్నాకలోని ఐ.ఐ.సి.టి. పరిశోధనాలయపు పద్ధతి ననుసరించి బోయినపల్లి కూరగాయల విపణిలో చెత్తనుండి గ్యాసును, విద్యుత్తును తీయుట 2021 నాటికే ప్రసిద్ధికెక్కినది. ఆ పనిని మన చిన్నతొట్టి నెత్తిన వేయరాదు.

పూడ్చుట: మేతను పైన చల్లక, ఒక మూలను మూడు నాలుగంగుళముల గుంటచేసి అందుంచి, మూసివేయవలయును. మఱుసటిసారి మఱియొక మూల. దానిపైన రెండంగుళముల మందమున ఎండుటాకో, చింపిన పాతపత్రికలో, కొబ్బరిపీచో ఎల్లప్పుడును కప్పి యుంచవలయును. ఈ కప్పు ఒక్కటి తప్పకున్నచో పులుపుటీగ బాధ చాలవఱకు తగ్గును.

తేమ: గుప్పెడు ఎఱువు తీసి పిడికిట గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలినచో తేమ సరిపోయినది. ధారగా కారినచో నీరెక్కువ. అప్పుడు ఎండుటాకు కలిపి, క్రిందిరంధ్రములు పూడుకొనినవేమో చూడవలెను. హైదరాబాదు వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటును. 35 డిగ్రీలు దాటినప్పుడే వానపాములకు ప్రాణాపాయము. ఆ భయముతో నీరు మితిమీరి పోయువారు కలరు. నీరుపోయుటకంటె నీడలో నుంచి తడిగోనె కప్పుట మేలు.

మూత: గాలి ఆడవలెను, ఈగ దూరరాదు. పాత పంచెగుడ్డను రెండు మడతలుగా తొట్టిమూతికి త్రాటితో బిగించి కట్టినచో రెండును నెఱవేఱును.

పులుపుటీగకు ఉపాయములు

తొక్కలపై గ్రుడ్లు మన ఇంటికి రాకమునుపే, అంగడిలోనే పడియుండును. కాబట్టి మూత యెంత బిగించినను లోపలనే ఈగలు పుట్టవచ్చును. అరటి, మామిడి, సీతాఫలము, జామ తొక్కలను ఒకదినము ఫ్రిజ్జులోని మంచు అరలో నుంచి వేసినచో గ్రుడ్లు చచ్చును. ఫ్రిజ్జు లేనివారు మరుగునీరు పోసి, వార్చి, చల్లార్చి వేయవచ్చును.

ఇప్పటికే ముసరిన యీగలకు ఎర పెట్టవలయును. ఒక గ్లాసులో రెండంగుళముల సిర్కా గాని, పులిసిన కల్లు గాని పోసి, సబ్బునీరు ఒక చుక్క కలుపవలెను. సబ్బు చేరినచో ద్రవముపై ఈగ నిలువలేక మునుగును. గ్లాసుమూతికి కాగితపు గరాటు తగిలించినచో లోనికి పోయినది వెలికిరాలేదు. ఎరను తొట్టిలోపల గాక ప్రక్కన నుంచి, రెండు మూడు దినములకొకసారి మార్చవలెను. అయితే ఎర యొక్కటే చాలదు. పుట్టుచోటును మూయక ఎరను నమ్ముకొనుట, కుండ చిల్లి పూడ్పక నీరు పోయుటవంటిది.

బాధ మిక్కుటమైనప్పుడు రెండు మూడు వారములు మేత పూర్తిగా ఆపవలయును. వానపాములు ఆకలితో చచ్చునని భయపడనక్కఱలేదు. అవి క్రిందనున్న పేడను, ఆకులను, కాగితమును తినుచు బ్రదుకును. పులుపుటీగకు మాత్రము పులిసిన పండు లేక సంతతి నిలువదు.

బూజుదోమకు ఉపాయములు

దీనికి సిర్కా పనిచేయదు. పైరెండంగుళములను ఆరబెట్టుటయే ప్రధానము. కప్పిన తడికాగితము తీసి పొడి ఆకు పఱచి, వారముదినములు పైన నీరు చల్లక యుండవలెను. తేమ కావలసిన వానపాములు క్రిందికి దిగును; దోమపిల్లలు పైన ఎండిపోవును. పసుపుపచ్చని అట్టకు ఆముదము పూసి తొట్టిపైన నిలిపినచో ఎగురునవి అంటుకొనును. ఆలుగడ్డ బిళ్లలు గుర్తించుటకేగాక పట్టుటకును పనికివచ్చును. మూడుదినముల కొకసారి పురుగులతోకూడ తీసి మరుగునీట వేయవలెను.

ఇంకను తగ్గనిచో బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అను సూక్ష్మజీవి కలదు. దానిని 1976లో ఇజ్రాయెలు దేశపు నెగెవ్ ఎడారిలో కనుగొనిరి. దోమల పిల్లపురుగుల నివారణకు అమ్మునది యిదియే. ఇది పిల్లపురుగుల కడుపులో మాత్రమే పనిచేయును. వానపాములకు హాని లేదు. ప్యాకెట్టుపైని మోతాదు చొప్పున నీట కలిపి, వారమున కొకసారి మూడు నాలుగు వారములు చల్లవలయును. ఒకసారి చల్లి మానినచో గూళ్లలో మిగిలినవి మరల వచ్చును.

రైతునకు ఇందేమి పట్టినది?

ఇది పట్టణపు పెరళ్ల ముచ్చటయేకదా యని కొందఱు తలపవచ్చును. అట్లు కాదు. బూజుదోమ పిల్లపురుగు బూజు చాలనప్పుడు లేతవేళ్లను కొఱుకును. తొట్టినుండి తీసిన పచ్చి ఎఱువును అట్లే మిరప, టమాట నారుమళ్లకు వేసినచో దోమకూడ మడికి చేరును. కొఱికిన వేళ్ల గాయములగుండ నారుకుళ్లు తెగులు ప్రవేశించును. నారు పోయినవానికి అదను పోయినట్లే. అదను పోయిన పంటకు తరువాత ఎంత ఎఱువు వేసినను ఫలమేమి?

కావున ఎఱువును నారుమడికి వేయుటకు ముందు నీడలో పలుచగా పఱచి, పొడిపొడి యగువఱకు ఆరనిచ్చి, జల్లెడ పట్టవలెను. ఒక గిన్నెడు తీసి తడిపి, ఆలుగడ్డ బిళ్లతో మూడుదినములు పరీక్షింపవలెను. కొనితెచ్చిన ఎఱువునకు ఈ పరీక్ష మఱింత అవసరము.

పురుగుమందుల విషయమున తుదిమాట. కార్బరిల్, కార్బోఫ్యూరాన్ వంటివి వానపాములకు తీవ్రవిషములు. తొట్టిలో చల్లుట యటుండగా, మందుకొట్టిన పైరు ఆకులను, మందుసంచులలో నింపిన ఎండుటాకును సైతము తొట్టికి చేర్పరాదు.

మా తొట్టిని మరల మొదలిడితిమి. ఈసారి మామిడితొక్కలు ఒకదినము మంచు అరలో నుండియే వచ్చినవి. ఎండుటాకు సంచి తొట్టిప్రక్కనే యున్నది. వానకాలములో నాలుగైదు ఈగలు ఇప్పటికిని కనబడును. వానిని చూచినప్పుడు మందుడబ్బాకై వెదకక, పిడికెడు ఎఱువు తీసి పిండి చూచుకొందుము. సభ్యులును అట్లే చేసి, తమ తొట్టులలో కనుగొన్న విశేషములను సంఘమునకు వ్రాసిపంపవలయునని ప్రార్థించుచున్నాము.