అంబాసిడర్ ఇంజిన్ రీబిల్డ్ చేయించారా? తాళం తిప్పే ముందు ఈ పని తప్పనిసరి..
2014లో తయారీ ఆగిపోయినా అంబాసిడర్‌పై మోజు తగ్గలేదు. అయితే పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ను విప్పి బిగించాక నేరుగా స్టార్ట్ చేశారో.. కొత్త బేరింగులకు గీతలు పడే ప్రమాదం ఉంది. ఎందుకంటే పోసిన ఆయిల్ అంతా కింద సంప్‌లోనే ఉంటుంది. పంపు, ఫిల్టర్, ఆయిల్ దారులు ఖాళీ!

అందుకే నాలుగు స్పార్క్ ప్లగ్‌లూ తీసేసి, కాయిల్ వైరు విప్పి, సెల్ఫ్ కొట్టాలి. కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగులపై భారం తక్కువ. ఏకబిగిన కొడితే సెల్ఫ్ మోటార్ వేడెక్కుతుంది.. మధ్యమధ్యలో ఆపాలి. ఆయిల్ లైటు ఆరాక కవర్ తీసి, రాకర్లకూ ఆయిల్ చేరిందో లేదో చూసుకోవాలి.

ఎంతకీ లైటు ఆరడం లేదా? పంపు ఆయిల్ లాగడం లేదేమో! స్టార్ట్ చేయొద్దు. బిగించేటప్పుడే పంపులో ఆయిల్ నింపి ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.