సురభి కమలాబాయి గారు: రంగస్థలము నుండి వెండితెరకు



కోట, వాకాడు, గూడూరు ప్రాంతముల పెద్దలకు నాటకమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి శ్మశానమున విలపించుచుండగా కన్నీరు కార్చనివా రెవరు? కాని తెల్లవారిన పిమ్మట ఆ వేషము ధరించిన స్త్రీని తమ అరుగుపై కూర్చుండుమని గౌరవించినవా రెందరు? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని, తెలుగు టాకీలలో మొదటి కథానాయిక యైన సురభి కమలాబాయి గారి చరిత్రమును ఆలకింపుడు.

పూర్వము మన నాటక సమాజములలో స్త్రీ వేషములను పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా గడించిన కీర్తి మీరెరుగుదురు. వారి ప్రతిభ కొనియాడదగినదే. అయినను కులస్త్రీ రంగమెక్కుట అప్రతిష్ఠ యను భావము ఆ ఆచారమునకు మూలమని మరువరాదు. ఈ భావము మనకే పరిమితము కాదు. ఇంగ్లండులో సైతము 1660వ సంవత్సరము వరకు బహిరంగ నాటకశాలలలో స్త్రీ పాత్రలను బాలురే ధరించిరి. అట్టి దేశముననే, 1856లో తొమ్మిదేండ్ల బాలికగా రంగమెక్కి, వార్ధక్యమున మూకీ చిత్రములలోను నటించిన ఎలెన్ టెర్రీ గారికి 1925లో రాజు 'డేమ్' బిరుదము నొసగెను. లోకుల దృష్టి మారుటకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది.

మన దేశమున ఈ మార్పునకు తోడ్పడినవారిలో సురభి వారు ముఖ్యులు. తోలుబొమ్మలాట వృత్తిగా గల కుటుంబమునకు చెందిన వనారస గోవిందరావు గారు 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున 'కీచకవధ' నాటకమును ప్రదర్శించిరి. ఆ గ్రామనామమే వారి సమాజములకు పేరైనది. తండ్రి రాజైనచో తల్లి రాణి, బిడ్డలు లవకుశులు! కాపురమును రంగస్థలమును వారికి వేరు కావు. ఇంటి స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించుటచే, గృహిణి నటి కావచ్చునని వారు చేతలతో చూపిరి.

కమలాబాయి గారు అట్టి కుటుంబమున పుట్టిరి. తల్లి వెంకూబాయి గారు దమయంతి పాత్ర నభినయించుచుండగా రంగస్థలముపైననే ఈమె జన్మించెనని చెప్పుదురు. బాల్యముననే కృష్ణుడు, ప్రహ్లాదుడు మున్నగు పాత్రలు ధరించి, పాటయు పద్యమును అలవరచుకొనిరి.

హెచ్. ఎం. రెడ్డి గారు మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను నిర్మింపబూని సురభి నటులను బొంబాయికి రావించిరి. చిన్ననాడు ప్రహ్లాదుడైన కమలాబాయి గారు ఇందు ప్రహ్లాదుని తల్లి లీలావతి యైరి. ఆ చిత్రము 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదల యయ్యెను.

ఈ మార్పు సులభమైనది కాదు. పందిటిలో చిట్టచివర కూర్చున్నవానికిని వినబడునట్లు పద్యమెత్తి పాడుట రంగస్థల ధర్మము. టాకీలో ఎదుటనుండునది సభ కాదు, శబ్దమును గ్రహించు యంత్రము. నేనిప్పుడు మాట్లాడుచున్నదియు అట్టి యంత్రము ముందరనే. దాని ముందు గొంతెత్తి అరచిన పాట చెడును. మెల్లగా పలికినను అది విడువదు. మరియు ఆ దినములలో ఒకరు పాడగా వేరొకరు పెదవులు కదల్చు పద్ధతి లేదు. ఎవరి పాటను వారే, నటించుచునే పాడవలెను. రంగస్థలమున నైతే చప్పట్లు విని నటి తన తప్పొప్పులు తెలిసికొనును. ఇచ్చట మెచ్చువారు లేరు, 'వన్స్ మోర్' లేదు.

ఆ పరీక్షలో కమలాబాయి గారు నెగ్గిరి. ఆ 1932లోనే 'పాదుకా పట్టాభిషేకము'న సీతగా, 'శకుంతల'లో నాయికగా నటించిరి. పిమ్మట హిందీ చిత్రములలోను పాత్రలు ధరించిరి. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముని తల్లి యీమెయే. నాయికగా వెలిగినవారు తల్లి వేషమునకు వెనుదీయకుండుట సురభి శిక్షణ ఫలము. ఆ సమాజములలో నేటి రాణి రేపు దాసి కావచ్చును. వేషము చిన్నదని అలుగువారికి అచ్చట చోటు లేదు. కమలాబాయి గారు 1971లో దివంగతులైరి. స్త్రీ వేషములకు ప్రసిద్ధులైన స్థానం వారు కీర్తిశేషులైనదియు ఆ సంవత్సరమే. ఆ పాటికి స్త్రీ పాత్రను స్త్రీయే ధరించుట ఎవరికిని వింత కాకుండెను.

పెద్దలారా! సీతను పూజించి, సీత వేషము వేసిన స్త్రీని చులకన చేయుట న్యాయమా? నాటకమువారు మీ యూరికి వచ్చినపుడు, తెర దిగిన పిమ్మట ఆ తల్లిని పేరడిగి, 'గారు' చేర్చి పలుకరింపుడు. ఎలెన్ టెర్రీకి రాజిచ్చిన బిరుదముకన్న, ఊరి పెద్దలు నలుగురిలో చూపు మన్నన తక్కువైనది కాదు.