రాయిలో అదృష్టం లేదు, జ్ఞానం ఉంది

దివ్య ఖుర్ఆన్‌లో 57వ సూరా పేరే 'అల్ హదీద్', అంటే ఇనుము. 35వ సూరా 'ఫాతిర్'లో కొండల్లోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారల ప్రస్తావన ఉంది. ఆ వెంటనే, అల్లాహ్‌కు నిజంగా భయపడేవారు జ్ఞానులేనన్న భావం వస్తుంది. కొండల రంగుల పక్కనే జ్ఞానుల మాట ఎందుకు వచ్చిందో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

ఇటీవల నేను ఆలోచించాల్సి వచ్చింది. చిన్నప్పుడు నా దగ్గర ఖుర్ఆన్, ఉర్దూ చదువుకున్న ఒక అమ్మాయి డిగ్రీలో భూగర్భ శాస్త్రం పూర్తిచేసింది. ఎమ్మెస్సీలో భూరసాయన శాస్త్రం, ఖనిజ శాస్త్రం చదువుతానంది. తండ్రి ఒప్పుకోలేదు. "మౌల్వీ సాబ్! బీఈడీ చేసి టీచరైతే చాలదా? ఆడపిల్లకు రాళ్ళ చదువెందుకు? సుత్తి పట్టుకుని కొండలెక్కుతుందా?" అంటూ నా దగ్గరకు వచ్చారు. ఆయన వేలికి ఫిరోజా ఉంగరం ఉంది. వ్యాపారం కలిసి రావాలని పెట్టుకున్నారట.

నేనాయనకు అల్ బైరూనీ (973-1048) సంగతి చెప్పాను. పచ్చరాయిని చూస్తే పాము కళ్ళు పోతాయని ఆ కాలంలో జనం గట్టిగా నమ్మేవారు. బైరూనీ వినిన మాటను నమ్మి ఊరుకోలేదు. పాముకు పచ్చల హారమే తగిలించి, నెలల తరబడి గమనించారు. దాని కళ్ళకు ఏమీ కాలేదు. ఆ సంగతిని రత్నాల గురించి తాను రాసిన 'కితాబుల్ జమాహిర్'లో నిర్మొహమాటంగా చెప్పారు. లోహాలను, రత్నాలను ప్రత్యేకమైన పాత్రలోని నీటిలో వేసి, బయటికి పొర్లిన నీటిని తూచి, ఏ రాయి ఎంత బరువైనదో లెక్క కట్టారు. ఆయన లెక్కలు నేటి లెక్కలకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఇబ్నె సీనా (980-1037) తన 'కితాబుష్ షిఫా'లో ఖనిజాలను రాళ్ళు, కరిగే లోహాలు, మండే గంధకాలు, లవణాలు అని నాలుగు తరగతులుగా విభజించారు. కాబట్టి రాళ్ళ చదువు మనకు పరాయిది కాదు. మనం మరచిపోయినది.

ఉంగరం ధరించడం తప్పు కాదు. అది అదృష్టం తెస్తుందనుకోవడం తప్పు. హజరె అస్వద్ ఎదుట నిలబడి కూడా హజ్రత్ ఉమర్ (రజి), అది రాయేనని, మేలు గాని కీడు గాని చేయలేదని స్పష్టం చేశారు. అయితే సృష్టికర్త ప్రతి రాయికీ ఒక స్వభావం ఇచ్చాడు. దాన్ని తెలుసుకోవడమే ఈ చదువు. విద్యార్థులు రాతిని మిల్లీమీటరులో వందో వంతులు మూడు (0.03) మందం వచ్చేదాకా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద ఖనిజాలను గుర్తిస్తారు. ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణాన్ని పరీక్షిస్తారు. ఏ మూలకం రాతిలో నుంచి మట్టిలోకి, నీటిలోకి ఎలా చేరుతుందో లెక్క తేలుస్తారు.

"దీనివల్ల మనకేం లాభం?" అన్నారాయన. మీ అమ్మగారి నడుము ఎందుకు వంగిందని అడిగాను. వారిది నల్లగొండ జిల్లా. ఆయన తల వంచుకున్నారు.

అక్కడి గ్రానైట్ రాళ్ళలోని నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువైన నేలలో, లోతైన రాతి పగుళ్ళలో నీరు చాలాకాలం నిలుస్తుంది. ఆ నీటిలో కాల్షియం తగ్గి బైకార్బనేట్ పెరిగితే ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, మోతాదు బాగా ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మరగబెట్టినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని పాళ్ళు పెరుగుతాయి. ఈ వ్యాధిని 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఊళ్ళకు తెచ్చింది. కానీ ఏ బోరు నీరు తాగవచ్చో, ఏది తాగకూడదో పరీక్షించి చెప్పేవారి అవసరం తీరిపోలేదు. ఆ పని చేయగలవారిలో మీ బిడ్డ ఒకరు కావచ్చు కదా అన్నాను.

ఈ చదువుకు హైదరాబాదు అనువైన చోటు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ జియోకెమిస్ట్రీ విభాగం ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉన్నది ఈ నగరంలోనే. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, కేంద్ర భూగర్భ జలమండలి ఉద్యోగాలకు యూపీఎస్సీ ప్రత్యేకంగా పరీక్ష నిర్వహిస్తుంది. భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయరాదన్న పాత నిబంధనను కూడా 2019లో కేంద్రం సడలించింది. ఇక కొండలెక్కడం అంటారా, విద్యార్థులను అధ్యాపకులే బృందంగా తీసుకువెళతారు. బస ఎక్కడ, వెంట ఎవరు అని అడిగి తెలుసుకోవడం తండ్రి హక్కు. తెలుసుకోకుండానే కాదనడం బిడ్డకు అన్యాయం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ప్రవేశ పరీక్షకు తానే వెంట తీసుకువెళతానన్నారు. ఉంగరం మాత్రం ఇంకా వేలికే ఉంది. దాని సంగతి మరో జుమాకు మాట్లాడుకుందాం.

అల్లాహ్ మన బిడ్డలకు పదిమందికీ మేలు చేసే జ్ఞానం ప్రసాదించుగాక! ఆమీన్.