హ్యాండిల్ వదిలించుకున్న కన్ను

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో పాత లేత్ మీద పనిచేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. హ్యాండిల్ తిప్పుతూ ఫీడ్ ఇస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం తడబడితే చాలు, ఆ తడబాటు జాబ్ మీద గీతై కూర్చుంటుంది. మూకీల కాలపు కెమెరామన్‌దీ అదే కష్టం. అతని చెయ్యి తడబడితే తెర మీద మనుషుల నడకే మారిపోయేది.

అప్పటి కెమెరా ఒక చెక్కపెట్టె, దాని పక్కన ఒక హ్యాండిల్. చుట్టుకు 8 ఫ్రేములు. సెకనుకు రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. లోపల కొక్కెం ఒకటి ఫిల్ము అంచు రంధ్రాల్లోకి దూరి, ఫిల్మును ఒక ఫ్రేము మేర కిందికి లాగి వదులుతుంది. లాగుతున్నంతసేపూ షట్టర్ వెలుగుకు అడ్డం నిలబడి, ఫిల్ము ఆగగానే తప్పుకుంటుంది. ఇదంతా ఒకే వేగంతో సాగాలంటే పెట్టె స్టాండు మీద కదలకూడదు, మనిషి దాని పక్కన పాతుకుపోవాలి. తొలి సినిమాలు చాలావరకు ముందు వరసలో కూర్చుని నాటకం చూస్తున్నట్టు ఉండడానికి ఇదీ ఒక కారణమే.

మరి అలాంటి కెమెరాతో కథలోని మనిషి కంటికి ఏం కనబడుతోందో చూపేదెలా? ఇంగ్లండులోని హోవ్ పట్నంలో జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ 1900లో దారి కనిపెట్టాడు. ‘గ్రాండ్మాస్ రీడింగ్ గ్లాస్’లో ఒక పిల్లాడు అవ్వ భూతద్దం తీసుకుని చూస్తాడు. వెంటనే తెర నల్లబడి, నడుమ గుండ్రటి కంత మిగులుతుంది. అందులో గడియారం చక్రాలు, పంజరంలో పిట్ట, ఇంకా ఇంతింత పెద్దదై అటూ ఇటూ తిరిగే అవ్వ కన్ను! లెన్సుకు గుండ్రంగా కత్తిరించిన నల్లటి మాస్కు, ముందు చూసే ముఖం, ఆ వెనకే చూసిన వస్తువు. కెమెరా ఎవరి కళ్లలోకీ వెళ్లలేదు. రెండు ముక్కలు అతికిస్తే ఆ పిల్లాడి చూపు మన చూపైంది.

అదే పట్నంలో జేమ్స్ విలియమ్సన్ 1901లో ‘ది బిగ్ స్వాలో’ తీశాడు. ఫొటో వద్దంటూ ఒకాయన మన మీదికే నడిచొచ్చి, నోరు తెరిచి, కెమెరాతో సహా కెమెరామన్‌ను మింగేస్తాడు. తర్వాత విలియమ్సన్ కెమెరాల తయారీలోకి దిగాడు. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్‌లో కొన్నది విలియమ్సన్ కెమెరానే. దాంతో ఆయన మొదట ఒక బఠానీ మొక్క ఎదుగుదలను రోజుల తరబడి కొద్దికొద్దిగా చిత్రీకరించారు. శనగ, కంది పైర్ల మీద పరిశోధన చేసే పటాన్‌చెరు ఇక్రిశాట్‌వాళ్లకు ఈ ముచ్చట తప్పక నచ్చుతుంది. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. మద్రాసులో రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. 1922లో హైదరాబాదులో ధీరేంద్రనాథ్ గంగూలీ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1924లో జర్మనీలో జరిగింది. మూర్నో తీసిన ‘ద లాస్ట్ లాఫ్’లో పెద్ద హోటల్ ద్వారపాలకుడు ఉద్యోగం దిగజారి, యూనిఫారం పోగొట్టుకుని కుమిలిపోతాడు. తాగి తూలే అతని తలలోకి మనం వెళ్లాలి. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను ఛాతీకి కట్టుకుని, బరువు సరితూగేలా బ్యాటరీలు వీపుకు వేసుకుని, తాగినవాడిలా గదిలో తూలాడు. బ్యాటరీలే కెమెరాను నడపడంతో హ్యాండిల్ తిప్పే చెయ్యి అక్కర్లేకపోయింది కాబట్టే ఒళ్లంతా కెమెరాకు ఇవ్వగలిగాడు. తెర మీద గది ఊగుతుంది, కుర్చీలో ఉన్న మన కడుపులో తిప్పుతుంది. సినిమా మొత్తానికి తెర మీద అక్షరాల్లో కథ చెప్పే కార్డు దాదాపు లేనే లేదు. అవసరం పడలేదు.

మరుసటి ఏడే బెల్ అండ్ హోవెల్ కంపెనీ ఐమో కెమెరా తెచ్చింది. గడియారంలా కీ ఇస్తే స్ప్రింగు మీద నడుస్తుంది, చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు. 100 అడుగుల ఫిల్ము, అంటే 1600 ఫ్రేములు. మూకీ వేగంలో 100 సెకన్ల చూపు. 1927లో వచ్చిన ‘నెపోలియన్’ కోసం అబెల్ గాన్స్ కెమెరాను గుర్రం మీదికే ఎక్కించాడు.

అంతలో మాటలొచ్చాయి. 1932లో మన తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి ప్రపంచమంతటా కెమెరా గరగర మైకులో పడకుండా దాన్ని చప్పుడు బయటికి రాని పెట్టెల్లో మూసే రోజులు నడుస్తున్నాయి. విడిపడ్డ కన్ను మళ్లీ కట్టుబడింది. ఆ చూపు విలువ తెలిసిన సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో ఒక్క మాటా లేకుండా ‘పుష్పక విమానం’ నడిపించారు. ఇప్పటికీ పిల్లలు కూడా దాన్ని ఇట్టే పట్టుకుంటారు.

మళ్లీ మన వైపుకు వద్దాం. పటాన్‌చెరు దాటి ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తే కంది గ్రామం వస్తుంది. అక్కడి ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే టిహాన్ కేంద్రం ఉంది. 2022 జూలైలో అక్కడ టెస్ట్‌బెడ్‌ను ప్రారంభించారు. ఇలాంటి బండికి కెమెరాలు, లేజరుతో దూరం కొలిచే లైడార్లే కళ్లు. అవి చూసినదాన్ని తెర మీద చూస్తే రోడ్డు మన ఒళ్లోకి వస్తున్నట్టు ఉంటుంది, అచ్చం గాన్స్ గుర్రం మీది దృశ్యంలాగే. స్మిత్ అయితే ఆ ముక్కకు ముందు చూసే ముఖాన్ని ఒకదాన్ని అతికించేవాడు. ఈ బండిలో ఆ సీటు ఖాళీ.