హేంగ్ గ్లైడరు నేలకు దిగడం

చోదకుడు రెక్క క్రింద వ్రేలాడుతూ ఎగిరే హేంగ్ గ్లైడరు ఎంత మేలురకమైతే దానిని దించడం అంత కష్టం. అది 1 మీటరు దిగేలోగా సుమారు 15 మీటర్లు ముందుకు సాగుతుంది. నేల సమీపించగానే రెక్క కొనల వద్ద సుడులు బలహీనపడి, వాయునిరోధం ఇంకా తగ్గుతుంది. గ్లైడరు మైదానం దాటిపోజూస్తుంది. అందుచేత రెక్క గుడ్డను బిగించే త్రాడును ముందే సడలిస్తారు. కొందరు వెనుక చిన్న పారాచూట్ విడుస్తారు.

తరువాత గాలికి ఎదురుగా, నేలను ఒరుసుకుంటున్నట్లు సాగుతూ, వేగం తగ్గేవరకు ఓపిక పట్టాలి. అదను రాగానే చట్రాన్ని ఒక్కసారిగా పైకి నెట్టాలి. ముక్కు లేచి, రెక్క గాలికి అడ్డంగా నిలిచి, వేగాన్ని హరిస్తుంది. గోడమీద వాలే కాకి చేసేదీ ఇదే! తొందరపడితే గ్లైడరు పైకెగసి కూలుతుంది. ఆలస్యమైతే ముక్కు నేలకు గుద్దుకుంటుంది. ఈ అదనును అభ్యాసకులు తొలుత నెమ్మదిగా ఎగిరే గ్లైడరుతో, చిన్న దిబ్బలమీద నేర్చుకుంటారు.