విత్తనానికి మొలక పరీక్ష, కొత్త బట్టకు నీటి పరీక్ష

విత్తే ముందు నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి, ఎన్ని మొలచినవో చూచుకొనే రైతు సోదరులు నేడు చాలమంది ఉన్నారు. విత్తనం ధర కంటె తప్పిన అదను ధర ఎక్కువని వారికి తెలియును. కాని అదే రైతు పెండ్లికో, పండుగకో వేల రూపాయలు పెట్టి బట్ట కొన్నప్పుడు, దానిని పరీక్షించకుండానే దర్జీ చేతికి ఇచ్చుచున్నాడు. మొదటి ఉతుకు కాగానే చొక్కా చేతులు మణికట్టు విడిచి పైకి పోవును. అప్పుడు మాట పడేది బట్ట ఉతికినవారు. అది న్యాయమేనా అన్న విషయం కొంచెం విచారింతము.

పురానాపూల్ దగ్గర ఒక పరీక్ష

హైదరాబాదు పాతబస్తీలో మూసీ నదిపై 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టిన వంతెన పురానాపూల్. 1908 నాటి మహా వరదకు కూడ అది తట్టుకొని నిలిచినది. ఈ వంతెన మీద ఏండ్ల తరబడి కూరగాయల అంగళ్ళు నడిచినవి. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవి ఉదయం కూరగాయల ధరలు తెలిసికొనుటకు అక్కడికి వెళ్ళినాను. నాకు పరిచయమున్న ఒక వంకాయ రైతు గంప దించి, సంచిలో నుండి తెల్లని చొక్కా తీసి చూపినాడు.

"చూడు సారూ, కొడుకు పెండ్లికి నేను కుట్టించుకున్న అంగీ. ఒక్కసారి ఉతికితే ఇట్ల గుంజుకపోయింది. బండకేసి బాది పాడు చేసిండు. ఈ నెల పైసలు ఇయ్యనని ఉతికినాయనకు చెప్పిన" అన్నాడు.

"మిగిలిన ముక్క ఏమైనా ఉన్నదా, పెద్దాయనా?" అని అడిగినాను. కుట్టిన దర్జీ దుకాణం దగ్గరి గల్లీలోనే ఉన్నది. అదే తానులో మిగిలిన ముక్క ఆయన దగ్గర దొరికినది. కోరా బట్టను తడిపి తెమ్మని తాను చెప్పినాననీ, ముహూర్తం దగ్గరపడినదని రైతు తొందరపెట్టినాడనీ దర్జీ అన్నాడు. రైతు కాదనలేదు.

ఆ ముక్క మీద పడుగు వెంట 40 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు, పేక వెంట 40 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు దారంతో కుట్టించితిమి. బకెట్టు నీళ్ళలో రెండు గంటలు నాననిచ్చితిమి. సబ్బు పెట్టలేదు, పిండలేదు, బాదలేదు. నీడలో బల్లమీద పరచి ఆరనిచ్చితిమి. మధ్యాహ్నానికి టేపు పెట్టి చూడగా పడుగు వెంట 38, పేక వెంట 39 సెంటీమీటర్లు వచ్చినవి. పడుగు వెంట నూటికి అయిదు వంతులు తగ్గినట్లు! 80 సెంటీమీటర్ల నిడివిగల చొక్కా 76కు, 60 సెంటీమీటర్ల చేయి 57కు దిగును. రైతు చొక్కాను కొలిచి చూచితిమి. లెక్క సరిపోయినది.

రైతు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆయన తప్పేం లేదు గద సారూ. మాపు ఇంటికి పోంగనే పైసలు ఇచ్చేస్త" అన్నాడు.

బట్ట ఎందుకు కుంచించుకొనిపోవును?

ఎండిన కొత్త మోకును వర్షంలో వదిలి చూడండి. తడిసిన మోకు లావెక్కి, బిగిసి, పొట్టియగును. బట్టలోని నూలుకు కూడ జరిగేది ఇదే. ప్రత్తి పీచు నీరు పీల్చి ఉబ్బును. పొడవు కంటె లావు ఎక్కువగా పెరుగును. పేక పోగులు ఉబ్బగా, వాటి పైనుండి క్రిందినుండి చుట్టి వచ్చే పడుగు పోగుకు ఎక్కువ దారి కావలసివచ్చును. ఆ దారి కొరకు అది బట్ట పొడవును లోపలికి గుంజుకొనును.

ఇంకొక కారణమున్నది. మగ్గం మీద పడుగును బిగించి నేయుదురు. తరువాత గంజిపెట్టి, సాగదీసి, ఇస్త్రీ చేసి తాను చుట్టుదురు. ఆ సాగుదల బట్టలో దాగియుండును. నీరు తగిలినప్పుడు నూలు ఆ బిగువు విడిచి తన సహజమైన పొడవుకు వచ్చును. కాబట్టి ఉతికినవారు బట్టను పొట్టి చేయలేదు. దానిలో ముందే ఉన్న సాగుదల నీటితో బయటపడినది. దీనిలో ఎక్కువ భాగం మొదటి తడుపులోనే పోవును. మిగిలిన కొంచెము తరువాతి రెండు మూడు ఉతుకులలో పోవును.

మిల్లులలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టినారు. అమెరికా దేశస్థుడు శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930 ప్రాంతంలో, బట్టను తడిపి ముందే కుదించే యంత్ర పద్ధతిని రూపొందించినాడు. ఆయన పేరు మీదనే అది 'శాన్‌ఫొరైజ్డ్' అయినది. ఆ ముద్ర గల బట్ట తరువాత నూటికి సుమారు ఒక వంతుకు మించి తగ్గదు. చేనేత బట్టకు, ముద్రలేని మిల్లు బట్టకు ఆ పని మనమే ఇంటిలో చేసికొనవలెను.

కుట్టించే ముందు చేయవలసిన పని

1. బట్టను వదులుగా మడిచి, మునిగేటన్ని నీళ్ళలో రాత్రంతా నాననివ్వండి. తరువాత వేడినీళ్ళతో ఉతికే బట్టయైతే మొదటి తడుపు కూడ వేడినీళ్ళతోనే జరగవలెను. ముదురు రంగు బట్టను వేరుగా నానబెట్టండి.

2. మెలిపెట్టి పిండకండి. చేతులతో నొక్కి నీరు తీసి, నీడలో గాలి తగిలేచోట ఆరవేయండి. సాగదీసి కొక్కెములకు తగిలించరాదు. అట్లు చేసిన మరల సాగుదల చేరును.

3. కొనేటప్పుడే కొంత అదనంగా తీసికొనండి. నూటికి అయిదు వంతులు తగ్గే బట్ట తడిపిన తరువాత 3 మీటర్లు ఉండవలెనన్న, 3 మీటర్ల 16 సెంటీమీటర్లు కొనవలసియుండును.

4. లోపలి అస్తరు గుడ్డను కూడ తడిపియే కుట్టించండి. పైబట్ట తగ్గక అస్తరు మాత్రం తగ్గినచో కుట్టు ముడుతలు పడును.

5. పిల్లల బట్టలకు అంచున, చేతుల వద్ద మడత ఎక్కువ పెట్టించండి. బట్ట తగ్గినను, పిల్లలు పెరిగినను అది అక్కరకు వచ్చును.

ఏ బట్టకు ఏ జాగ్రత్త?

ఉన్ని సంగతి వేరు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసువంటి సన్నని పొలుసులుండును. వేడినీరు, సబ్బు, రాపిడి మూడును కలిసినచో ఆ పొలుసులు ఒకదానిలో నొకటి చిక్కుకొని బట్ట దిమ్మెవలె గట్టిపడును. అట్లు ముడుచుకొన్న ఉన్నిని తిరిగి మునుపటి కొలతకు తెచ్చుట సాధ్యము కాదు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో గొంగడి నేయుదురు. పడుగుకు చింతగింజల గంజి పట్టించుదురు. అట్టి గొంగడిని, స్వెట్టరును చల్లని నీళ్ళలో, కుంకుడుకాయ రసంతో, రుద్దకుండ ముంచి తీయవలెను. తీగకు వేలాడదీయక, బల్లమీదనో చాపమీదనో పరచి నీడలో ఆరవేయవలెను.

పట్టుకు కూడ కుంకుడు రసమే మేలు. బట్టల సోడా ఉన్నికి, పట్టుకు పనికిరాదు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. నూలు ఒక తీరున, పట్టు మరొక తీరున తగ్గును గనుక ఎక్కువసేపు నానబెట్టినచో అంచు దగ్గర ముడుతలు పడవచ్చును. రంగు కూడ ఒడలికి అంటవచ్చును. అట్టి చీరను చల్లని నీటిలో త్వరగా ఉతికి, మడత లేకుండ నీడలో ఆరవేయండి.

బనియన్లు అల్లిక బట్టలు. ఇవి పొడవున తగ్గి వెడల్పున సాగును. తడిగా ఉన్నప్పుడే నిలువున మెల్లగా లాగి, సరిచేసి పరచినచో చాలవరకు రూపు నిలుచును. పాలియెస్టరు కలిసిన బట్టకు నీటి భయం తక్కువ, వేడి భయం ఎక్కువ. ఇస్త్రీపెట్టె బాగా కాలియుండగా తగిలినచో ముడుచుకొనును. వాషింగు మెషీనులో వేడిగాలితో దొర్లించి ఆరబెట్టే ఏర్పాటు ఉన్నచో, నూలు బట్టలకు, ఉన్ని బట్టలకు దానిని వాడకండి. అక్కడ వేడి, రాపిడి రెండును కలిసి బట్టను ఇంకను కుదించును.

గ్రామాధికారులకు ఒక మనవి

హాస్టలు పిల్లల దుస్తులకో, పాఠశాల యూనిఫారాలకో తానులు కొనే సందర్భంలో ప్రతి తాను చివర నుండి అరమీటరు ముక్క తీసి పైన చెప్పిన విధంగా పరీక్షించండి. పడుగు వెంట 40కి 38 వచ్చినచో తాను మొత్తం తడిపి కత్తిరించండి, లేదా కొలతలు అందుకు తగినట్లు పెంచండి. ఒక పూట పనితో నూరుమంది పిల్లల చొక్కాలు పొట్టిగాకుండ కాపాడవచ్చును.

రైతు సోదరులారా! మొలక పరీక్షకు కావలసినవి నూరు గింజలు, తడి గుడ్డ. నీటి పరీక్షకు కావలసినవి ఒక ముక్క బట్ట, ఒక టేపు, ఒక బకెట్టు నీళ్ళు. ఈసారి కొత్త బట్ట కొన్నప్పుడు ఈ పరీక్ష చేసిన తరువాతనే దర్జీ దగ్గరికి వెళ్ళండి. ఇప్పటికే ఒక చొక్కా పొట్టియైనచో, ఉతికినవారి కూలి నిలిపే ముందు మిగిలిన ముక్కను తడిపి చూడండి.